వార్ గేమ్‌లో చరిత్ర ఎంత, కథ ఎంత? ఒక మిషన్ పట్టుకుని తేల్చుకోవడం ఎలా

మా పిన్ని కొడుకు ఇంటర్ సెకండియర్. మొన్న వేసవి సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర గల్ఫ్ యుద్ధం మాటొచ్చింది. మా నాన్న ఏదో చెప్తుంటే వీడు మధ్యలో అందుకుని "ఆ హైవే మీద పారిపోయేవాళ్ళ మీద బాంబులేసింది రష్యా వాళ్ళే కదా పెదనాన్నా" అన్నాడు. ఎక్కడ చదివావురా అంటే, చదవలేదట, ఆడాడట.

2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ అనే వీడియో గేమ్‌లో "హైవే ఆఫ్ డెత్" అని ఒక మిషన్, అంటే ఆటలో ఒక ఘట్టం, ఉంది. ఆ పేరు నిజంగా ఉన్నదే. 1991 ఫిబ్రవరి 26, 27 తేదీల్లో కువైట్ నుంచి బస్రా వైపు పోయే 80వ నంబరు హైవే మీద, వెనక్కి మళ్ళిన ఇరాక్ సైన్యం మీద అమెరికా, దాని మిత్రదేశాల విమానాలు బాంబులు కురిపించాయి. కాలిపోయిన బండ్ల వరసల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. గేమ్‌లో అదే పేరుతో అలాంటి రోడ్డే ఉంటుంది, కాకపోతే దేశం ఉర్జిక్‌స్తాన్ అనే కల్పిత దేశం, తప్పించుకుని పోతున్న జనం మీద బాంబులేసింది రష్యన్లు. కల్పిత దేశం అన్నారు కాబట్టి కంపెనీని కోర్టుకి లాగలేం, సరే. కానీ పదిహేడేళ్ళ కుర్రాడి బుర్రలో ఉర్జిక్‌స్తాన్ ఎగిరిపోయి హైవే, బాంబులు, రష్యా మాత్రం మిగిలాయి.

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే రెండో ప్రపంచయుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సైన్యం ఒక సైనికుడికి తుపాకీ, పక్కవాడికి తూటాలు ఇచ్చి పంపారని నేనూ చాలా ఏళ్ళు గట్టిగా నమ్మాను, అదీ 2003 నాటి మొదటి కాల్ ఆఫ్ డ్యూటీ పుణ్యమే. ఆ సాయంత్రం వాడితో కూర్చుని ఒక్కో మిషన్‌ని ఎలా చెక్ చేసుకోవచ్చో చూపించాను, అదే కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను. ఒక మిషన్‌కి గంట, గంటన్నర చాలు.

ముందు ఒక్క మిషన్ ఎంచుకోండి

"ఈ గేమ్ హిస్టారికల్‌గా కరెక్టేనా" అని ఎవర్నైనా అడిగితే అవుననీ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. ఇరవై గంటల గేమ్‌లో కొన్ని అచ్చంగా జరిగినవి ఉంటాయి, కొన్ని గాలి కబుర్లు ఉంటాయి. అందుకని మీకు బాగా గుర్తుండిపోయిన ఒక్క మిషన్ తీసుకోండి. గుర్తుండిపోయింది అంటే మనసులో నాటుకుంది అని, చెక్ చేయాల్సింది కూడా దాన్నే. మళ్ళీ ఆడేటప్పుడు ఫోన్ నోట్స్‌లో ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎవర్ని ఏం చేశారు అనే నాలుగు ముక్కలు రాసుకోండి. లోడింగ్ స్క్రీన్ మీద తేదీ, ఊరు వేస్తే స్క్రీన్‌షాట్ కొట్టండి. తేదీ, ఊరు ఏవీ వేయలేదంటే అదీ రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు సెర్చ్. గేమ్ పేరు మాత్రం కొట్టకండి, కొడితే ఆ మిషన్ ఎలా దాటాలో చెప్పే వీడియోలు వంద వస్తాయి తప్ప చరిత్ర రాదు. ఊరి పేరు, నెల, సంవత్సరం కొట్టండి. వికీపీడియా పేజీ తెరిస్తే అక్కడే ఆగకుండా భాషల లిస్టులోకి వెళ్ళి, ఆ యుద్ధంలో తలపడిన రెండు దేశాల భాషల్లోనూ అదే పేజీ తెరిచి బ్రౌజర్‌లో అనువాదం పెట్టి చదవండి. అనువాదం వంకరటింకరగా ఉన్నా పర్లేదు, ఒకరి పేజీలో ఉన్న అంకె ఇంకొకరి పేజీలో లేకపోవడం అనేది వంకర అనువాదంలో కూడా దొరికిపోతుంది. పైన "చర్చ" అనే ట్యాబ్ ఉంటుంది, దాన్ని ఎవరూ నొక్కరు, మీరు నొక్కండి. జనం దేని గురించి కొట్టుకుంటున్నారో అక్కడ తెలుస్తుంది, మీరు ఇంకా తవ్వాల్సింది సరిగ్గా ఆ చోటే.

ఉదాహరణకి బ్యాటిల్‌ఫీల్డ్ 5 (2018)లో నార్వే కథ తీసుకోండి. మంచు, స్కీయింగ్, ఒక అమ్మాయి తన తల్లి కోసం జర్మన్ల ఆధీనంలో ఉన్న భారజల (అణు పరిశోధనకి వాడే నీరు) ఫ్యాక్టరీలోకి చొరబడుతుంది, కనిపించినవాణ్ణల్లా కాలుస్తుంది. ఆ చోటు పేరు వేమోర్క్. ఫిబ్రవరి 1943 అని సెర్చ్ చేస్తే రెండు నిమిషాల్లో అసలు కథ వస్తుంది: బ్రిటన్‌లో శిక్షణ పొందిన నార్వే కమాండోలు, లోపలికి వెళ్ళినవాళ్ళు తొమ్మిది మంది, నాయకుడు యోఆకిమ్ రొన్నెబర్గ్. ఒక్క తూటా కూడా పేల్చకుండా బాంబులు పెట్టి, పని ముగించుకుని, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తొమ్మిది మంది గొప్పతనమంతా తూటా పేల్చకపోవడంలోనే ఉంది, షూటింగ్ గేమ్‌కి పనికిరానిది కూడా సరిగ్గా అదే. రొన్నెబర్గ్ గారు 2018 అక్టోబర్‌లో పోయారు, గేమ్ నవంబర్‌లో వచ్చింది. అమ్మాయిని పెట్టారని అప్పట్లో నెట్‌లో పెద్ద గోల జరిగింది. నాకు అది పెద్ద సమస్య కాదు, నార్వే ప్రతిఘటనలో ఆడవాళ్ళు ఉన్నారు. కానీ పేరూ ముఖమూ ఉన్న తొమ్మిది మంది చేసిన పనిని అలాగే ఉంచి ఆ మనుషుల్ని మాత్రం తీసేస్తే ఎలా?

గేమ్‌ల గురించి చెప్పుకునే కథల్ని కూడా ఇలాగే చెక్ చేయాలి. సివిలైజేషన్ అనే గేమ్‌లో గాంధీ అణుబాంబులు వేయడానికి ఒక ప్రోగ్రామింగ్ తప్పు కారణం అని మీరు కనీసం పది చోట్ల విని ఉంటారు. ఆ గేమ్ తయారుచేసిన సిడ్ మియరే 2020లో అలాంటి బగ్ ఏదీ లేదని తేల్చేశాడు. మీమ్‌కి మాత్రం ఆ సంగతి ఇంకా చేరలేదు.

తుపాకీ కరెక్టుగా ఉంటే మోసపోకండి

పెద్ద కంపెనీలు తుపాకీల మీద, యూనిఫారం గుండీల మీద బోలెడు డబ్బు పెడతాయి. నిజం తుపాకీ తెచ్చి చప్పుడు రికార్డ్ చేస్తారు. మనం అది చూసి అబ్బ ఎంత పక్కాగా తీశారో అనుకుంటాం, ఆ నమ్మకం మీదనే మిగతా కథంతా గొంతులో దిగిపోతుంది. వస్తువు కరెక్టేనా అనే ప్రశ్న తేలిక, అది కామెంట్లలో ఎవరో ఒకరు ఎలాగూ తేల్చేస్తారు. మీరు అడగాల్సింది ఎన్ని ఉన్నాయి, ఎంత తరచుగా జరిగింది అని.

రెండో ప్రపంచయుద్ధం గేమ్ ఏది ఆడినా టైగర్ ట్యాంక్ ఎదురవుతుంది. టైగర్ 1 మొత్తం తయారైంది 1,347. అమెరికా షెర్మన్లు 49 వేలకు పైగా. గేమ్‌లో మాత్రం ప్రతి సందు చివర ఒక టైగర్ మన కోసం కాచుకుని ఉంటుంది. ఇంకోటి, జర్మన్ సైన్యం అనగానే ట్యాంకులూ మోటారు బండ్లూ అనుకుంటాం, కానీ ఆ యుద్ధంలో వాళ్ళు వాడిన గుర్రాలు, కంచర గాడిదలు 27 లక్షలకు పైనే. ఫిరంగుల్ని లాగినవి అవే. ఎన్ని గేమ్‌లలో చూశారు వాటిని? బ్యాటిల్‌ఫీల్డ్ 1 (2016)లో మొదటి ప్రపంచయుద్ధం సైనికులు సగం మంది ఆటోమేటిక్ తుపాకులతో పరిగెడుతుంటారు, ఆ కాలంలో చాలామంది చేతిలో ఉన్నది ఒక్కో తూటాకి బోల్టు లాగి కాల్చే రైఫిల్. ఫ్రాన్స్ సైన్యం అయితే మొదట గేమ్‌లోనే లేదు, 2017లో విడిగా డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. వెస్ట్రన్ ఫ్రంట్ (జర్మనీకి పడమటివైపు యుద్ధరంగం) చాలావరకు ఎవరి నేల మీద జరిగిందో తెలిసినవాళ్ళకి నవ్వొస్తుంది.

లెక్క అడగడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నా దగ్గరున్న మంచి ఉదాహరణ కంపెనీ ఆఫ్ హీరోస్ 2. 2013లో వచ్చింది, సోవియట్ వైపు నుంచి ఆడే కథ. అందులో స్టాలిన్ 227వ నంబరు ఆర్డర్ ఉంటుంది, 1942 జులై 28 నాటిది, "ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు" అని జనం నోళ్ళలో నానింది. గేమ్‌లో మీరు కొత్త సైనికుల్ని పిలిచాక వాళ్ళు వెనక్కి పరిగెత్తితే వాళ్ళ సొంత అధికారులే కాల్చేస్తారు. రష్యాలో ఎంత కోపాలొచ్చాయంటే, అక్కడ దాన్ని అమ్మే సంస్థ 1సీ-సాఫ్ట్‌క్లబ్ అమ్మకాలే ఆపేసింది. ఇటువైపు వాళ్ళు "ఆర్డర్ ఉందా లేదా, ఉంది కదా" అన్నారు, అటువైపు వాళ్ళు "మా తాతల్ని అవమానించారు" అన్నారు, ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. కాగితం మీద అంకె ఉంది. 1942 ఆగస్టు 1 నుంచి అక్టోబర్ 15 వరకు వెనక్కి పారిపోయేవాళ్ళని ఆపడానికి పెట్టిన పహారా దళాలు పట్టుకున్నవాళ్ళు 1,40,755 మంది, వాళ్ళలో తిరిగి తమ దళాలకి పంపినవాళ్ళు 1,31,094, కాల్చేసింది 1,189 మందిని. అంటే వందకి ఒకరి కంటే తక్కువ. మరి గేమ్‌లో? దాదాపు ప్రతిసారీ.

అలాగని రష్యన్ అభిమానులు చెప్పినట్టు అంతా అబద్ధం అని కొట్టిపారేయకండి. 1,189 అంటే రెండున్నర నెలల్లో సొంతవాళ్ళ చేతిలో చనిపోయిన మనుషులు. పైగా ఆ లెక్క రాసింది కూడా కాల్చినవాళ్ళ శాఖే, ఎన్‌కేవీడీ అనే అప్పటి సోవియట్ రహస్య పోలీసు శాఖ. శిక్ష కింద ముందు వరసలోకి తోసిన పీనల్ దళాల్లో పోయినవాళ్ళ సంగతి ఆ అంకెలో లేదు. కాబట్టి నోట్స్‌లో నేను రాసుకునేది ఇలా ఉంటుంది: "జరిగింది. గేమ్ చూపించినంత తరచుగా కాదు. మూలం ప్రభుత్వానిదే." మూడు ముక్కలు. ఇలా రాసుకోవడం అలవాటైతే సగం పని అయినట్టే. నా తుపాకీ-తూటాల నమ్మకం కూడా ఇలా వెనక్కి వెళ్తేనే వదిలింది, 2001లో వచ్చిన ఒక ఇంగ్లీషు సినిమాలో ఆ సీన్ ఉంది, గేమ్ దాన్నుంచి ఎత్తుకుంది. యుద్ధం మొదట్లో సోవియట్‌కి ఆయుధాల కొరత ఉన్నమాట నిజం, కానీ ఆ సీన్‌కి మూలం సినిమా.

గేమ్ రూల్స్‌ని కూడా కథలాగే చదవండి

ఇది కొంచెం అలవాటు కావాలి. డైలాగులు, కట్‌సీన్‌లు (ఆట మధ్యలో వచ్చే సినిమా ముక్కలు) ఏం చెప్తున్నాయో చూస్తాం గానీ, ప్రాణం ఎంత మిగిలిందో చూపించే హెల్త్ బార్ ఏం చెప్తోందో పట్టించుకోం. దెబ్బ తగిలితే ఎలా నయమవుతుంది? ఎవర్ని కాలిస్తే పాయింట్లొస్తాయి, ఎవర్ని కాలిస్తే గేమ్ ఓవర్? లొంగిపోవడానికి శత్రువుకి బటన్ ఉందా? మీకు ఉందా?

మన దగ్గరి ఉదాహరణే చెప్తాను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్ళు 20 మంది అమరులయ్యారు, వాళ్ళలో 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబు గారిది మన సూర్యాపేట. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2021 జనవరి 26న, ఫౌజీ అనే మొబైల్ గేమ్ వచ్చింది, మొదటి కథ గల్వాన్‌దే. ఒక విషయంలో దాన్ని మెచ్చుకోవాలి, తుపాకులు లేకుండా ముష్టి యుద్ధం, దుడ్డుకర్రలు పెట్టారు. ఆ రాత్రి జరిగింది అదే, ఎందుకంటే వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. చాలా విదేశీ గేమ్‌ల కంటే ఇక్కడ మనవాళ్ళు నయం.

కానీ హెల్త్ చూడండి. దెబ్బలు తగిలిన మన సైనికుడు చలిమంట దగ్గర కూర్చుంటే మళ్ళీ నిండుగా లేస్తాడు. అసలు ఏం జరిగిందో మన ఆర్మీ మరుసటి రోజు ఇచ్చిన ప్రకటనలోనే ఉంది: తీవ్రంగా గాయపడి, ఆ ఎత్తులో సున్నా కంటే తక్కువ చలిలో ఉండిపోయిన 17 మంది ప్రాణాలు విడిచారు. గాయంతో పాటు చలి కూడా తన పని చేసింది. గేమ్‌కి చలిమంట అంటే చెక్‌పాయింట్ లాంటి సౌకర్యం మాత్రమే, తీసినవాళ్ళు చెడుగా ఆలోచించి పెట్టి ఉండరు, కానీ ఆ రాత్రి సంగతి తెలిసి ఆడితే ఆ మంట దగ్గర చెయ్యి ఆగుతుంది. నాకైతే ఆగింది. ఇంకో సంగతి, తమవైపు నలుగురు పోయారని చైనా ఒప్పుకున్నది 2021 ఫిబ్రవరిలో, అంటే గేమ్ వచ్చాక. అవతలివైపు లెక్క అధికారికంగా బయటికి రాకముందే కథ ఖరారైపోయిందన్నమాట. అందుకే మీ నోట్స్‌లో గేమ్ విడుదల తేదీ పక్కన, ఆ సంఘటన గురించి కాగితాలు ఎప్పుడు బయటికొచ్చాయో కూడా రాయండి.

డబ్బు ఎవరిదో కూడా ఒక్క నిమిషం చూడండి. అమెరికాస్ ఆర్మీ అనే గేమ్ 2002 జులై 4న ఉచితంగా వచ్చింది, తయారుచేయించింది అమెరికా సైన్యమే, కుర్రాళ్ళని సైన్యం వైపు లాగడానికి. ఇరవై ఏళ్ళు నడిచి 2022లో మూతపడింది. ఉచితంగా ఎందుకిస్తున్నారు అని అడిగితే సగం సంగతి తెలిసిపోయే గేమ్ అది.

ఎవరు లేరు?

ఉన్నది తప్పో ఒప్పో చెప్పడం సులువే, లేనిది కనిపెట్టడమే కష్టం. నేను ఒక చిన్న పద్ధతి వాడతాను: ఆ చోట ఆ రోజు ఉండాల్సిన మనుషులందరినీ ముందే ఒక కాగితం మీద రాసుకుంటాను. సైనికులు, వంటవాళ్ళు, నర్సులు, బండ్లు తోలేవాళ్ళు, ఊరి జనం, ఖైదీలు. తర్వాత మిషన్ ఆడుతూ కనిపించినవాళ్ళ పేరు పక్కన టిక్ పెడతాను. చాలాసార్లు మొదటి గడి ఒక్కదానికే టిక్ పడుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి సైన్యంలో ఉన్నది 25 లక్షల మంది. ఆఫ్రికాలో, ఇటలీలో మోంటే కాసినో దగ్గర, బర్మాలో పోరాడారు. బర్మాలో జపాన్‌ని వెనక్కి తోసిన బ్రిటిష్ 14వ సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం అని ఒక ఊరికి పేరే అలా పడిపోయింది, రెండు ప్రపంచయుద్ధాలకీ అక్కడి నుంచి వెళ్ళారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. వైజాగ్‌లో పెద్దవాళ్ళు ఊరు ఖాళీ చేసి వెళ్ళిన కథలు చెప్పేవాళ్ళు. కానీ రెండో ప్రపంచయుద్ధం గేమ్ అని వంద రూపాయలకి సేల్‌లో ఏది కొన్నా నార్మండీ బీచ్‌లో దిగుతాం, మళ్ళీ అదే బీచ్, అదే అమెరికన్ కుర్రాడు.

ఇంకో రకం లేకపోవడం ఉంది, కావాలని తీసేసేది. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో మీరు 1936 నుంచి జర్మనీని నడపొచ్చు, ఫ్యాక్టరీలు కట్టొచ్చు, ఏ డివిజన్‌లో ఎన్ని బెటాలియన్లో సర్దొచ్చు, అంత వివరం ఉంటుంది. యూదుల ఊచకోత మాత్రం గేమ్‌లో ఎక్కడా లేదు. దాన్ని బటన్‌గా మార్చి ఆటగాడి చేతిలో పెట్టకూడదు అనుకోవడం నాకు అర్థమవుతుంది, నేనైనా పెట్టను. కానీ దాని ఫలితం ఏంటంటే, మూడొందల గంటలు ఆడినవాడికి ఆ జర్మనీ కేవలం గట్టి సైన్యం, మంచి ట్యాంకులు ఉన్న దేశంగా మిగులుతుంది. ఇక్కడ గేమ్‌ని తప్పుపట్టడం కంటే ఆడే మనం గుర్తుపెట్టుకోవడం ఒక్కటే దారి అనిపిస్తుంది, పూర్తి సమాధానం నా దగ్గర లేదు.

జనం ఉన్న గేమ్ కావాలంటే దిస్ వార్ ఆఫ్ మైన్ ఆడండి. 2014లో పోలండ్ వాళ్ళు చేశారు. ఊరు పేరు కల్పితం, కానీ ప్రేరణ 1,425 రోజులు సాగిన సరయేవో ముట్టడి. మీరు సైనికుడు కాదు, పడిపోయిన ఇంట్లో మందుల కోసం, కట్టెల కోసం వెతుక్కునే మామూలు మనిషి. తేదీలు, దళాల పేర్లు, జెండాలు ఏవీ ఉండవు, అయినా పక్కింటి ముసలివాళ్ళ తిండి దొంగిలించాక మీ పాత్ర మంచం మీద నుంచి లేవదు. వివరాలు తక్కువ ఉన్న గేమ్ యుద్ధం గురించి ఎక్కువ నిజం చెప్పడం ఇక్కడ చూస్తాం. పోలండ్ ప్రభుత్వం 2020లో దీన్ని హైస్కూల్ పిల్లలకి చదవమని సూచించే లిస్టులో పెడతామని ప్రకటించింది.

బ్యాలెన్స్ అంటే సగం సగం పంచడం కాదు

గేమర్లకి బ్యాలెన్స్ అంటే ఒక అర్థం ఉంది: ఒకవైపు తుపాకీ మరీ బలంగా ఉంటే ప్యాచ్ పెట్టి తగ్గిస్తారు, గెలుపు అవకాశాలు ఇద్దరికీ సమానంగా ఉండాలి కాబట్టి. ఈ అలవాటుతోనే చరిత్రని కూడా చూస్తాం, ఇద్దరివీ తప్పులున్నాయి అనేసి చేతులు దులుపుకుంటాం. దీన్ని వదిలించుకోవడానికి వైజాగ్ తీరంలో జరిగిన ఒక సంఘటన బాగా పనికొస్తుంది, ఎలాగంటే...

1971 డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వైజాగ్ తీరంలో మునిగిపోయింది, అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. లోపలున్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. మనవైపు అధికారికంగా చెప్పేది, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (సబ్‌మెరైన్ మీదకి నీళ్ళలో వదిలే బాంబులు) వల్ల అని. పాకిస్తాన్ చెప్పేది, లోపలి పేలుడు వల్ల, లేదా అది పరిచిన మైన్లే దానికి తగిలి అని. మన సైన్యంలో పెద్ద హోదాల్లో పనిచేసి రిటైరైనవాళ్ళలో కూడా రాజ్‌పుత్ కథని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. 2017లో దీనిమీద వచ్చిన తెలుగు సినిమాలో అయితే మన సబ్‌మెరైన్ నీళ్ళ కిందే దాంతో తలపడి ముంచుతుంది, అది మూడో కథ.

ఇప్పుడు దీనిమీద మిషన్ చేస్తున్నారనుకోండి. ముందు రెండు వైపులా ఒప్పుకునేవి వేరు చేయాలి: తేదీ, చోటు, ఘాజీ వచ్చిన పని, అందరూ చనిపోవడం. వీటిలో బ్యాలెన్స్ పేరుతో మార్చడానికి ఏమీ లేదు. తర్వాత తేలనిది ఒక్కటే, పేలుడు ఎలా జరిగింది. మంచి గేమ్ అయితే ఆ ఒక్క క్షణాన్ని చూపించకుండా వదిలేస్తుంది, లేదా రాజ్‌పుత్ మీద నుంచి డెప్త్ చార్జీ వేయించి, చీకట్లో పెద్ద పేలుడు వినిపించి, పొద్దున నీళ్ళ మీద తేలిన నూనె చూపించి ఆపుతుంది. అంటే అక్కడున్న నావికుడికి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. మీరు ఆడే గేమ్‌ని కూడా ఇలాగే రెండు కుప్పలు చేయండి: వాదం లేనివి, వాదం ఉన్నవి. వాదం లేనిదాన్ని మార్చితే అది మోసం. హైవే మిషన్‌లో జరిగింది అదే, ఎవరు బాంబులేశారు అన్నదానిలో ఎవరికీ వాదం లేదు. వాదం ఉన్నది వేరే: వెనక్కి మళ్ళినా లొంగిపోని సైన్యాన్ని కొట్టడం న్యాయమేనా, ఆ బండ్లలో మామూలు జనం ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు. నిజంగా ధైర్యమున్న గేమ్ ఆ ప్రశ్నల్లోకి దిగి ఉండేది.

వైజాగ్ వెళ్తే పనిలో పనిగా కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ఎక్కండి, 1971 యుద్ధంలో తిరిగిన సబ్‌మెరైనే అది. సబ్‌మెరైన్ గేమ్‌లో గదుల మధ్య పరిగెత్తడం చూసి వెళ్తే, అక్కడ గుండ్రటి తలుపులోంచి కాలు ముందా తల ముందా అని తేల్చుకునేసరికే వెనకున్నవాళ్ళు తోస్తుంటారు.

అతి చేయకండి

ప్రతిదానికీ ఇంత తవ్వక్కర్లేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో గొర్రెల్ని కొట్టుకుంటూ పావుగంటలో కోట కట్టే దాన్ని పట్టుకుని కాకతీయుల చరిత్ర అడిగితే మనకే సిగ్గు. కానీ అక్కడా సరదాగా వెతికితే బాగుంటుంది. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే దాని అదనపు భాగంలో ద్రవిడియన్స్ అని పెట్టి దక్షిణాదంతా ఒకే గంపలో వేశారు. ఊట్జ్ స్టీల్ అని ఒక టెక్నాలజీ ఇచ్చారు, మన ఉక్కే అది, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి పర్షియా వర్తకులు కొనుక్కుపోయినది, చూసి మురిసిపోయాను. అశ్వదళం మాత్రం నీరసం. పోర్చుగీసు వాళ్ళ దగ్గర గుర్రాలు కొన్న విజయనగరానికి అశ్వదళం లేదా అని కోపమొచ్చింది, ఆ తర్వాత గుర్తొచ్చింది, మన పాత లెక్కలో ఒడిశా రాజులు గజపతులు, సుల్తానులు అశ్వపతులు, విజయనగరం వాళ్ళు నరపతులు. కాల్బలం వాళ్ళన్నమాట. గేమ్ చేసినవాళ్ళు ఇది తెలిసి చేశారో లేదో గానీ సగం మార్కులు వేసేశాను.

రాసేటప్పుడు

ఇంత చేశాక గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లోనో యూట్యూబ్ కింద కామెంట్‌లోనో రాయాలనిపిస్తుంది, రాయండి. "ఫేక్ హిస్టరీ, ఆడకండి" అని రాస్తే ఎవరూ చదవరు. ఒక రివ్యూలో ఒకే మిషన్, ఒకే తప్పు. గేమ్‌లో ఏం చూపించారు, అసలు ఏం జరిగింది, అది మీకెక్కడ దొరికింది, ఈ మూడూ ఉండాలి. గేమ్‌లో బాగున్నది కూడా ఒకటి రాయండి, లేకపోతే ఫ్యాన్స్ మొదటి లైన్ దగ్గరే వదిలేస్తారు. మా తమ్ముడు వాడి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టింది ఇది, అక్షరం మార్చకుండా:

"హైవే ఆఫ్ డెత్ మిషన్ స్నైపింగ్ మాత్రం కేక. కానీ మామా, అసలు హైవే ఆఫ్ డెత్ కువైట్‌లో ఉంది, 1991 ఫిబ్రవరి, బాంబులేసింది అమెరికా వాళ్ళు, ఇరాక్ ఆర్మీ మీద. గేమ్‌లో పేరు ఉంచి మనుషుల్ని మార్చారు. వికీలో కొట్టండి, ఫోటోలు కూడా ఉన్నాయి. నేను మా పెదనాన్న ముందు తప్పు చెప్పి పరువు పోగొట్టుకున్నా, మీరు పోగొట్టుకోకండి."

పదకొండు మంది చూశారు, ఇద్దరు నవ్వే బొమ్మ పెట్టారు, ఒకడు మాత్రం "మరి నార్మండీ మిషన్ నిజమేనా" అని అడిగాడు. వాడికి పైన చెప్పిన నాలుగు ముక్కలు పంపించాడట.